సంగం దిగువన వరద హెచ్చరిక: నాగావళి ఒడ్డు ఊళ్లలో ఒక కేస్ స్టడీ

వరద వస్తోందన్న కబురు వేళకే అందింది. అయినా ఊరు కదల్లేదు. విపత్తు సన్నద్ధత ప్రణాళికలు రాసే నాలాంటివాళ్లకు కొరుకుడు పడని కేసులు ఇలాంటివే. కబురే అందకపోతే లోపం ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. అందిన కబురు పనికి రాకపోతే ఆ దారిలో ఎంతమంది ఉన్నారో అంతమంది దగ్గరా ఆగి చూడాలి. ఈ కేసులో అలా చూసినదంతా రాస్తున్నాను. ఊళ్ల పేర్లు, మండలం, ఏ సంవత్సరమన్నది, అధికారుల వివరాలు వదిలేశాను. నదులు, చట్టాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుడుతుంది. రాయగడ మీదుగా దిగి, పార్వతీపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి వచ్చి, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 256 కిలోమీటర్లు. గోదావరి ముందు చిన్న ఏరే. కానీ చిన్నది కావడమే దాని ప్రమాదం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అన్న లెక్క గోదావరి ఒడ్డున అందరి నోటా ఉంటుంది. అక్కడ అంకె మారాక దిగువ లంకలకు నీరు చేరేలోపు సామాను సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. నాగావళికి అలా జనం నోట నలిగిన అంకె లేదు, అంత వ్యవధీ లేదు. కొండల మీద కురిసింది గంటల్లో కిందికి వచ్చేస్తుంది. 2017 జూలైలో రాయగడ జిల్లాలో ఒక్కసారిగా వచ్చిన వరదకు తెరువలి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది.

ఈ కేసులో ఉన్నవి మూడు పంచాయతీలు. మూడూ సంగం దిగువనే. వంగర మండలం సంగం దగ్గర నాగావళిలో సువర్ణముఖి, వేగావతి నీరు కలుస్తుంది. నాగావళి నీటిని ఎగువన తోటపల్లి బ్యారేజీ దగ్గర వదులుతారు. సాలూరు, పాచిపెంట కొండల నుంచి వచ్చే సువర్ణముఖి, వేగావతుల నీరు మడ్డువలస జలాశయం గేట్ల గుండా వస్తుంది. కాబట్టి సంగం దిగువ ఊళ్లకు వచ్చే వరద రెండు చోట్ల గేట్ల మీద ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కేసు సులువుగా అర్థమవుతుంది.

దీనికి తోడు పరిపాలన హద్దులు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చాయి. తోటపల్లి పార్వతీపురం మన్యం జిల్లాలోకి, అప్పటిదాకా శ్రీకాకుళంలో ఉన్న వంగర మండలం, దానితోపాటు మడ్డువలస, విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. దిగువన ఆమదాలవలస, శ్రీకాకుళం వైపు ఊళ్లు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయాయి. ఒకే ఏటి వరదకు ఇప్పుడు ముగ్గురు కలెక్టర్లు, మూడు కంట్రోల్ రూములు. పైన ఒడిశా ఎలాగూ ఉంది.

సమస్య

జిల్లాల విభజన తర్వాత ఒక అక్టోబరు. బంగాళాఖాతంలో వాయుగుండం. ఈ నెల అంటే ఉత్తరాంధ్రలో ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ రోజు మాత్రం ఈ మూడు ఊళ్లలో చెప్పుకోదగ్గ వాన లేదు. మధ్యాహ్నం ఎండ కూడా కాసింది. వానంతా ఎగువ కొండల్లో పడింది.

సాయంత్రం పంచాయతీ కార్యదర్శుల ఫోన్లకు సందేశం వచ్చింది. తోటపల్లి నుంచి ఇన్ని క్యూసెక్కులు దిగువకు వదులుతున్నాం, నదీ పరీవాహక ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని. ఆ సీజన్‌లో అలాంటి సందేశాలు అప్పటికే చాలా వచ్చాయి. అన్నిసార్లూ నీరు ఒడ్డు దాటలేదు. అర్ధరాత్రి దాటాక నీరు వీధుల్లోకి వచ్చింది. ప్రాణనష్టం జరగలేదు. అది చేపలు పట్టుకునే కుటుంబాల చలవ. వాళ్లు నాటు పడవలతో చీకట్లో ఇళ్ల పైకప్పుల మీద నుంచి మనుషులను దించారు. కానీ పశువులు పోయాయి, ఒడ్డున ఉన్న మోటార్లు పోయాయి, పొట్ట మీదున్న వరి పోయింది.

మండలం వాళ్లు మమ్మల్ని పిలిచి అడిగింది ఒక్కటే: హెచ్చరిక వ్యవస్థను బాగు చేయండి. అంటే సైరన్లు, సెన్సర్లు, యాప్ అని వాళ్ల ఉద్దేశం. నేను ముందు ఆ రాత్రిని గంటల వారీగా పేర్చి చూద్దామన్నాను. ఏది ఎక్కడ ఆగిందో తెలియకుండా పరికరం కొంటే, ఆగనిచోట డబ్బు పెట్టినట్టవుతుంది.

గంటల వారీ లెక్క

గేట్లు ఎత్తే, దించే సిబ్బంది (లస్కర్లు) రాసే రిజిస్టరు, కంట్రోల్ రూము లాగ్ బుక్కు, వాట్సాప్ సందేశాల సమయాలు, ఇంటింటికీ తిరిగి అడిగిన జ్ఞాపకాలు, అన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చాం. మనుషుల జ్ఞాపకాల్లో గడియారం ఉండదు. అందుకని ‘సీరియల్ అయిపోయాకా, కాకముందా’, ‘కరెంటు పోయాకా, పోకముందా’ అని అడిగాం. కరెంటు పోయిన సమయం సబ్‌స్టేషన్ పుస్తకంలో ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి మిగతావి సరిచూసుకున్నాం.

మూడు సంగతులు బయటపడ్డాయి. తోటపల్లి సందేశం సకాలంలోనే వచ్చింది, అంకె కూడా సరైనదే. ఆ అంకె ఒక్కటే అయితే ఊళ్లోకి నీరు రాదు. ఆ సాయంత్రమే మడ్డువలస గేట్లు కూడా ఎత్తారు. ఆ సందేశం విజయనగరం జిల్లా గ్రూపులోకి వెళ్లింది. ఎత్తినవాళ్లు నిబంధన ప్రకారం తమ జిల్లాకు తెలియజేశారు. దిగువ జిల్లా ఊళ్లకు చెప్పాలన్న బాధ్యత ఏ కాగితంలోనూ ఎవరి పేరునా లేదు. రెండు ప్రవాహాలూ సంగం దగ్గర ఇంచుమించు ఒకే వేళకు కలిశాయి.

మరొకటి, అందిన అంకెకు ఊళ్లో అర్థం లేదు. ఒక పెద్దావిడ మాతో అన్న మాట నా నోటు పుస్తకంలో మొదటి పేజీలో ఉంది: “ఎంతొస్తాదో సెప్తే మాకేటి తెలుస్తాది బాబూ, ఎంతవరకొస్తాదో సెప్పండి.” చదువుకున్నవాళ్లకూ ఇదే చిక్కు. కేంద్ర జల సంఘం నీటిమట్టాన్ని మీటర్లలో చెబుతుంది. మన జలవనరుల శాఖ ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగులో చెబుతుంది. ఎగువ నుంచి వచ్చే కొన్ని లెక్కలు క్యూమెక్కుల్లో, అంటే సెకనుకు ఘనపు మీటర్లలో ఉంటాయి. ఒక క్యూమెక్కు అంటే 35 క్యూసెక్కులకు పైమాటే. వెయ్యి అన్న అంకె చూసి ‘ఓస్, వెయ్యేనా’ అనుకుంటే, అది 35 వేల క్యూసెక్కులు కావచ్చు.

ఇక మూడోది నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఖాళీ చేయమని చెప్పడానికి కార్యదర్శి తహసీల్దారు మాట కోసం చూశారు. తహసీల్దారు కలెక్టరేట్ నుంచి ఆదేశం కోసం చూశారు. కలెక్టరేట్ క్షేత్రస్థాయి నివేదిక కోసం చూసింది. ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. అందరూ మెలకువగానే ఉన్నారు, అందరి చేతిలోనూ ఫోన్ ఉంది. ప్రతి ఒక్కరూ నిజాయితీగా రెండోవాళ్ల మాట కోసం ఎదురుచూశారు.

మొదట చేసినవి, అవి నిలవకపోవడం

తొందరగా చేయగలిగింది మూడు జిల్లాల సంబంధిత సిబ్బందినీ ఒకే వాట్సాప్ గ్రూపులోకి తేవడం. అది చేశాం. కొన్ని వారాలకే దానిలో శుభోదయాలు, బదిలీ శుభాకాంక్షలు, సమీక్ష ఫొటోలు నిండిపోయాయి. గేటు ఎత్తిన కబురు వాటి మధ్య పడి ఉంటే చూసేవాళ్లు లేరు. అంతకన్నా పెద్ద లోపం, తుపాను గట్టిగా వస్తే టవర్లే పనిచేయవు. తిత్లీ అప్పుడు ఉద్దానం ప్రాంతం రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు లేక అల్లాడిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. గ్రూపు ఉండొచ్చు, దాని మీదే ఆధారపడకూడదు.

ఒక పంచాయతీ తన నిధులతో సైరన్ పెట్టించింది. మోగించి చూస్తే జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి ఏటి వైపే నడిచారు, ఏమయిందో చూద్దామని. సైరన్ మనిషిని లేపగలదు గానీ ఎటు వెళ్లాలో చెప్పలేదు. దాన్ని తీసేయమనలేదు. మైకులో మాట వినిపించే ముందు చెవులు నిక్కించడానికి మాత్రమే వాడమన్నాం.

ఆ మరుసటి సీజన్‌లో జరిగినది ఇంకా ముఖ్యం. తోటపల్లి నుంచి పెద్ద అంకె వచ్చింది. కిందటిసారి దెబ్బ తిన్న కార్యదర్శి ఒకరు, చిన్న వయసు ఉద్యోగి, ఎవరి మాట కోసమూ చూడకుండా ఊరి లోతట్టు వీధులను ఖాళీ చేయించారు. ఆ రోజు సువర్ణముఖిలో నీరు లేదు. ఏరు ఒడ్డు దాకా వచ్చి తగ్గిపోయింది. కూలి పోగొట్టుకున్న జనం మండిపడ్డారు. పై కార్యాలయం నుంచి ‘ఎవరు చెప్పమన్నారు, సంజాయిషీ ఇవ్వండి’ అని కాగితం వచ్చింది. ఆ తర్వాత ఆ మూడు ఊళ్లలోనే కాదు, చుట్టుపక్కల పంచాయతీల్లో కూడా రాతపూర్వక ఆదేశం లేకుండా నోరు విప్పేవాళ్లు కరువయ్యారు. ఒక్క కాగితం అన్ని ఊళ్ల హెచ్చరిక వ్యవస్థనూ నోరు మూయించింది. పరికరాల ఆలోచన నేను పూర్తిగా పక్కన పెట్టింది అప్పుడే. సమస్య మూలం భయం. భయానికి మందు చట్టంలో వెతకాలి.

చట్టంలో దొరికినది

2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని చాలామంది కోవిడ్ ఆంక్షల రోజుల్లో విన్నారు. దానిలో వరద వేళ పంచాయతీ కార్యదర్శికి పనికొచ్చే సెక్షన్లు ఎవరూ చదివి వినిపించలేదు. సెక్షన్ 30 ముందస్తు హెచ్చరిక ఏర్పాటును జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ బాధ్యతగా చెబుతుంది. ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. సెక్షన్ 34 ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు రాకపోకలు ఆపడానికి, ఆ ప్రాంతంలోకి ఎవరూ పోకుండా చూడడానికి అధికారం ఇస్తుంది. సెక్షన్ 50 టెండర్లతో పనిలేకుండా అత్యవసర కొనుగోళ్లకు వీలు కల్పిస్తుంది. పడవల అద్దె, భోజనాల ఖర్చు దీని కింద పెట్టవచ్చు. అన్నింటికన్నా విలువైనవి 73, 74. సదుద్దేశంతో చేసిన పనికి దావా గానీ ప్రాసిక్యూషన్ గానీ ఉండదని 73 చెబుతుంది. అధికారిక హోదాలో ఇచ్చిన విపత్తు హెచ్చరిక విషయంలో, దాన్నిబట్టి తీసుకున్న చర్య విషయంలో ఉద్యోగులకు చట్టపరమైన రక్షణ ఉందని 74 ప్రత్యేకంగా చెబుతుంది.

ఈ రక్షణ కోర్టు కేసులకు సంబంధించినది. శాఖాపరమైన సంజాయిషీ కాగితాన్ని అది తనంతట తాను ఆపదు. ఈ తేడా దాచకుండా కార్యదర్శులకు చెప్పాం. ఆ మిగిలిన ఖాళీని కలెక్టర్ ఉత్తర్వుతోనే పూడ్చాలని అక్కడే తేలింది.

పనిచేసినది

ముందు అంకెను ఊరి భాషలోకి దించాం. పాత గేట్ల రిజిస్టర్లలో తోటపల్లి, మడ్డువలస అంకెలను పక్కపక్కన పెట్టి, ఒక్కో చోటి నుంచి సంగానికి నీరు చేరే వ్యవధి వేరు కాబట్టి ఆ తేడా సరిచేసి, రెండూ కలిపిన మొత్తానికి ఏ రోజున నీరు ఎంతదాకా వచ్చిందో ఊరివాళ్లతోనే గుర్తులు పెట్టించాం. రేవులో బట్టలు ఉతికే బండ, రావిచెట్టు గట్టు, రామమందిరం అరుగు, బడి గోడ. గుర్తుల ఎంపికలో నేను గట్టిగా పట్టుబట్టిన సంగతి ఒకటుంది. చీకట్లో చూడకుండానే కళ్ల ముందు మెదిలే చోటు కావాలి, ఆడవాళ్లకూ పిల్లలకూ తెలిసిన చోటు కావాలి. ఇంజనీరు పాతిన కొలబద్ద ఖచ్చితమైనదే, కానీ రాత్రి పన్నెండింటికి దాన్ని ఎవరూ తలచుకోరు.

ఈ లెక్క ఎప్పటికీ ఒకేలా ఉండదు. ఇసుక తవ్వకాలతో ఏటి అడుగు మారుతుంది, గట్టు కోసుకుపోతుంది. కిందటి ఏడు అరుగు తాకిన ప్రవాహమే ఈ ఏడు తాకకపోవచ్చు. అందుకే ప్రతి వరద తర్వాత గుర్తులు సరిచూసి, తేదీ వేసి, పంచాయతీ గోడ మీద మార్చి రాయాలన్న నియమం పెట్టుకున్నాం.

ఆ తర్వాత కలెక్టర్ ప్రొసీడింగ్స్, అంటే రాతపూర్వక ఉత్తర్వు. సీజన్ మొదలవకముందే, ఎండాకాలంలోనే సంతకం. కలిపిన ప్రవాహం మొదటి హద్దు దాటితే ఏమిటి, రెండో హద్దుకు ఏమిటి, మూడో హద్దుకు ఏమిటి, ఆ పని ఎవరిది అని అందులో ఉంది. రెండో హద్దు దాటితే వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు, పసిపిల్లల తల్లులు పునరావాస కేంద్రానికి వెళ్లాలి. పై ఆదేశం కోసం ఆగనక్కర్లేదు. నీరు రాకపోయినా ఆ కార్యదర్శిని సంజాయిషీ అడగరాదని అందులోనే ఒక వాక్యం ఉంది. 73, 74 సెక్షన్లు దాని కిందే ఉదహరించి ఉన్నాయి.

దీని మీద కలెక్టరేట్‌లో జరిగిన చర్చ రాయదగినది. కింది ఉద్యోగికి ఊరు ఖాళీ చేయించే అధికారం ఎలా ఇస్తాం అని సీనియర్ అధికారి ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అధికారం ఇవ్వడం లేదండీ, నిర్ణయం మీదే, దాన్ని అర్ధరాత్రి కాకుండా మే నెలలో తీసుకుంటున్నారు, కార్యదర్శి అంకె చూసి మీ నిర్ణయాన్ని చదివి వినిపిస్తారు, అంతే అని చెప్పాం. ఆయన కాసేపు ఆ మూడు హద్దులూ ఎలా లెక్కగట్టారో అడిగి, రెండో హద్దును కాస్త కిందికి జరిపి ఒప్పుకున్నారు. ఆ జరపడం మంచిదే అయింది.

మడ్డువలస వేరే జిల్లాలో ఉంది కాబట్టి ఈ కలెక్టరు ఉత్తర్వు అక్కడి లస్కర్లకు వర్తించదు. ఇద్దరు కలెక్టర్లూ ఉత్తరాలు మార్చుకున్నారు. గేటు ఎత్తే ముందు దిగువ మూడు పంచాయతీల కార్యదర్శి హోదా నంబర్లకు నేరుగా ఫోన్ చేయాలి. మనుషుల సొంత నంబర్లు కాదు, హోదా నంబర్లు, బదిలీతో మారనివి. ఫోన్ కలవకపోతే పోలీసు వైర్‌లెస్.

చివరిగా మాట. ‘అప్రమత్తంగా ఉండండి’ అన్న వాక్యాన్ని పూర్తిగా తీసేశాం. దానికి బదులు, ఏ వేళకు, ఏ గుర్తు దాకా నీరు రావచ్చు, మీరు ఇప్పుడు చేయాల్సింది ఏమిటి, ఇంతే. బ్యాటరీతో నడిచే మందిరం మైకు, మైకు వినపడని వీధికి టముకు. మొదటి హద్దు సందేశం ‘మోటార్లు పైకి తెచ్చుకోండి, పశువులను గట్టు మీదికి తోలండి’ అని ఉంటుంది, పగటి వెలుతురు ఉండగానే చెబుతారు. ఇది రైతుల మాటల్లోంచి పుట్టిన నిర్ణయం. వరద రాత్రుల్లో అందరికన్నా ప్రమాదంలో పడేది చివరి నిమిషంలో మోటారు విప్పడానికి ఏట్లోకి దిగే మనిషి. మనిషిని రమ్మంటే రాడు, మోటారు తెచ్చుకోమంటే పరుగెత్తుతాడు. ఒకసారి మోటారు దక్కినవాడు రెండో సందేశాన్ని నమ్ముతాడు. పశువుల సంగతీ అంతే. బడిలో ఆవుకు చోటు లేదని ఇంటి దగ్గరే ఉండిపోయినవాళ్లు ఎందరో. గట్టు మీద గడ్డి, నీళ్లు ఏర్పాటు చేశాక వాళ్లంతట వాళ్లే కదిలారు.

తర్వాతి పెద్ద నీరు వచ్చినప్పుడు రెండు మూడు గంటలు ముందుగా లోతట్టు వీధులు ఖాళీ అయ్యాయి. చెప్పిన గుర్తు కన్నా నీరు కొంచెం కిందే ఆగింది. ఈసారి తిట్లు రాలేదు. ఎంతదాకా రావచ్చో ముందే చెప్పారు, ఇంచుమించు అంతదాకా వచ్చింది అన్నారు. కూలి పోయిందని గొడవ చేసినవాళ్లే ఈసారి పక్కింటి ముసలమ్మను మోసుకొచ్చారు.

అందరూ రాలేదు. ఒక ఎస్సీ పేటలో సగం కుటుంబాలు కదలనన్నాయి. అడిగితే మొదట ఏవేవో చెప్పారు. నిదానంగా కూర్చుంటే అసలు మాట వచ్చింది: పునరావాస కేంద్రం పెట్టిన బడిలో కిందటిసారి భోజనాల వరుసలో తమకు జరిగిన అవమానం. పేటకు దగ్గరలోని మెరక మీద రెండో కేంద్రం తెరిచాం, అక్కడ వంట వాళ్లే చేసుకునేలా సరుకులు ఇచ్చాం. ప్రాణాలకు అది చాలింది. కానీ రెండో కేంద్రం ఆ అవమానాన్ని దాటేసింది తప్ప తీర్చలేదు. ప్రణాళికల్లో కేంద్రం విస్తీర్ణం, మరుగుదొడ్లు, జనరేటరు రాస్తాం. ఎవరు ఎవరి పక్కన కూర్చోగలరన్నది రాయం. ఇకపై ప్రతి ఊళ్లో ఆ ప్రశ్న అడగాల్సిందే. విడిగా, ఆడవాళ్లనూ అడగాలి.

రాష్ట్ర చట్టం ఎందుకు కావాలి

ఈ కేసులో పనిచేసినదంతా ఇద్దరు కలెక్టర్ల మంచితనం మీద, ఒక ఉత్తరం మీద నిలబడి ఉంది. ఇద్దరిలో ఒకరు బదిలీ అయితే కొత్తవారికి ఆ ఉత్తరం చూపించి మళ్లీ మొదలుపెట్టాలి. ఈపాటికి ఒకసారి అది జరిగింది కూడా. వ్యవస్థ అన్న మాటకు ఇది తగదు. అందుకే దీన్ని రాష్ట్ర స్థాయి చట్టంగా కోరుతున్నాం.

గుజరాత్ 2003లోనే, కేంద్ర చట్టం రాకముందే, తన సొంత విపత్తు నిర్వహణ చట్టం చేసుకుంది. బిహార్ 2004లో చేసుకుంది. మన రాష్ట్రం కేంద్ర చట్టం కింద 2007లో నియమాలు చేసుకుని రాష్ట్ర సంస్థను ఏర్పాటు చేసింది. కేంద్ర చట్టానికి 2025లో వచ్చిన సవరణ విపత్తుల డేటాబేస్‌ను, రాజధానులు, పెద్ద నగరపాలక సంస్థలున్న నగరాలకు పట్టణ విపత్తు సంస్థలను, రాష్ట్ర స్పందన దళాలను ముందుకు తెచ్చింది. మంచివే. ఒక నది మూడు జిల్లాల్లో పారితే ఎవరు ఎవరికి చెప్పాలన్న మన సమస్య మాత్రం వాటిలో తీరదు. 2021 డ్యాం భద్రతా చట్టం దిగువవారికి హెచ్చరిక ఏర్పాటును యజమాని బాధ్యత చేసింది. ఇది గొప్ప మార్పు. కానీ ఆ బాధ్యత 15 మీటర్ల ఎత్తు దాటిన కట్టడాలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకు సరిపోయేవాటికి మాత్రమే. ఉత్తరాంధ్ర నదుల మీద ఎత్తు తక్కువ బ్యారేజీలు, ఆనకట్టలు చాలా ఉన్నాయి. కొట్టుకుపోయే మనిషికి గేటు ఎత్తు ఎన్ని మీటర్లన్నది లెక్కలోకి రాదు.

అందుకని మేం రాసిచ్చిన ముసాయిదాలో ఎత్తుతో సంబంధం లేకుండా, గేట్లున్న ప్రతి కట్టడం నుంచి నీరు వదిలే ముందు దిగువ పంచాయతీలకు, అవి ఏ జిల్లావైనా సరే, నేరుగా తెలియజేయడం విధిగా ఉండాలని అడిగాం. ప్రణాళికకు ప్రాతిపదిక జిల్లా కాదు, నదీ పరీవాహక ప్రాంతం కావాలి. నాగావళికి ఒకటి, వంశధారకు ఒకటి, ముగ్గురు కలెక్టర్లూ ఒకే కాగితం మీద సంతకం పెట్టేలా. ఏ హద్దుకు ఏ పని అన్నది ముందే ప్రకటించి ఉండాలి, హద్దు దాటితే పని తనంతట తానే మొదలుకావాలి. సదుద్దేశంతో ఊరు ఖాళీ చేయించిన ఉద్యోగిని శాఖాపరంగా కూడా వేధించరాదు. ఈ నాలుగింటిలో దేన్నైనా వదులుకోవాల్సి వస్తే చివరిదాన్ని మాత్రం వదలనని చెప్పాను. మిగతా మూడూ ఉండి ఇది లేకపోతే, రాత్రి పన్నెండింటికి మళ్లీ అందరూ పై మాట కోసం చూస్తారు.

ఒడిశా విషయంలో మన చట్టం చేయగలిగింది తక్కువ. వంశధార నీటి పంపకాల మీద 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017లో తీర్పు వచ్చింది. పంపకం తగాదా ఎన్నేళ్లయినా సాగుతుంది, వరద రాత్రి ఫోన్ మాత్రం ఆ తగాదాలో భాగం కాకూడదు. రాయగడ, గజపతి జిల్లాలతో ప్రతి ఏటా వర్షాకాలం ముందు సమాచార ఒప్పందం పునరుద్ధరించుకోవడం మన రాష్ట్ర సంస్థ విధి అని రాయగలం, రాశాం.

ఇంకా తీరనిది సువర్ణముఖి పైభాగం. వాతావరణ శాఖ హెచ్చరిక జిల్లా పేరుతో వస్తుంది. సాలూరు కొండల్లో 24 గంటల్లో 115.6 మిల్లీమీటర్లు దాటి కురిస్తే అది మన్యం జిల్లాకు ‘అతి భారీ వర్షం’, సంగం దిగువ ఊళ్ల వాళ్ల టీవీలో శ్రీకాకుళం మీద ఆ హెచ్చరిక రంగు కనిపించదు. మడ్డువలసకు నీరు చేరాక చెప్పే కబురుకు, కొండ మీద వాన పడుతుండగానే చెప్పే కబురుకు మధ్య ఉన్న గంటలు మాకు కావాలి. ఈ వర్షాకాలానికి సాలూరు, పాచిపెంట మండలాల సచివాలయాల నుంచి రాత్రి పూట కూడా వర్షపాతం లెక్క తీసుకుని, మడ్డువలస ప్రవాహంతో దానికి పొంతన కుదురుతుందో లేదో చూస్తున్నాం. రెండు సీజన్ల లెక్క చేతికి వచ్చాకే దాన్ని ప్రొసీడింగ్స్‌లో హద్దుగా చేర్చమని అడుగుతాం. అంతవరకూ ఆ మూడు ఊళ్ల గోడల మీద కలిపిన ప్రవాహం హద్దులే అమల్లో ఉంటాయి.